ఎడమకే తిరిగేవాళ్లు కుడికి తిరిగితే

1949 జూన్ 19న ఉత్తర కరోలినాలోని షార్లెట్‌లో, ముప్పావు మైలు మట్టి ట్రాక్ మీద ఒక కారు పందెం జరిగింది. నాస్కార్ అనే కొత్త సంస్థ, షోరూములో అమ్మే కార్లతోనే పోటీ అని నియమం పెట్టి నడిపిన మొదటి ఛాంపియన్‌షిప్ రేసు అది. గ్లెన్ డనవే అనే డ్రైవరు 1947 ఫోర్డులో అందరికంటే ముందొచ్చాడు. పందెం అయ్యాక కారు కింద తనిఖీ చేసిన అధికారి, వెనక స్ప్రింగులు మార్చి ఉన్నాయని పట్టుకున్నాడు. దొంగసారా రవాణా చేసేవాళ్లు చేయించుకునే మార్పు అది. డిక్కీ నిండా సరుకుతో కొండదారి మలుపుల్లో దూసుకెళ్లినా బండి తూలకుండా ఉండటానికి. డనవేని అనర్హుడన్నారు. కాన్సాస్ నుంచి వచ్చిన జిమ్ రోపర్‌ని విజేతగా ప్రకటించారు. డనవే నడిపిన కారు యజమాని కోర్టుకెక్కి అక్కడా ఓడిపోయాడు.

నేనుండేది ఆ షార్లెట్‌లోనే. బ్యాంకుల్లో కంప్యూటర్ ఉద్యోగాలకని వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ చాలానే ఉన్నాయి. నాస్కార్ జట్ల వర్క్‌షాపులు కూడా ఎక్కువగా ఈ చుట్టుపక్కల కాంకర్డ్, మూర్స్‌విల్, హంటర్స్‌విల్ ఊళ్లలోనే ఉంటాయి. అయినా మనవాళ్లలో ఈ ఆటను పట్టించుకునేవాళ్లు తక్కువ. ఇండియా నుంచి ఫోన్ చేసే కుర్రాళ్లు ఫార్ములా వన్ గురించి గంటసేపు మాట్లాడతారు. నాస్కార్ మాటెత్తితే మాత్రం, "ఊరికే ఎడమకి తిరుగుతూ ఉంటారు, అదేగా?" అని తేల్చేస్తారు. ఈ ఎగతాళి అమెరికాలోనే పుట్టింది. దాని వెనక ఒక ప్రాంతం మీద, ఒక వర్గం మీద ఉన్న చిన్నచూపు ఉంది. నాస్కార్ డ్రైవర్లు కుడికీ ఎడమకీ తిరిగే రోడ్ కోర్సుల మీద ఎలా నెగ్గుకొచ్చారో చూస్తే ఆ చిన్నచూపులో నిజమెంతో తెలుస్తుంది.

అపలాచియన్ కొండల్లో మొక్కజొన్నతో సారా కాచడం తరతరాల అలవాటు. దాని మీద పన్ను కట్టకపోవడమూ అంతే. 1920 నుంచి 1933 దాకా దేశమంతా మద్యనిషేధం ఉండటంతో ఆ కుటీర పరిశ్రమకు గిరాకీ వచ్చింది. నిషేధం ఎత్తేశాక కూడా దక్షిణాదిలో చాలా కౌంటీలు మద్యం అమ్మనివ్వలేదు. అందుకని రాత్రిపూట లైట్లార్పి, పోలీసులకు దొరక్కుండా సరుకు దాటించే కుర్రాళ్లకు చేతినిండా పని దొరికింది. విల్క్స్ కౌంటీకి చెందిన జూనియర్ జాన్సన్ వాళ్లలో పేరున్నవాడు. 1956లో తండ్రి సారా బట్టీ దగ్గర పట్టుబడి, ఒహాయో జైల్లో 11 నెలలు ఉండొచ్చాడు. ఆ తర్వాత నాస్కార్‌లో 50 రేసుల గెలుపు మైలురాయి దాకా వెళ్లాడు. 1986లో అధ్యక్షుడు రీగన్ అతనికి క్షమాభిక్ష ఇచ్చాడు.

జాన్సన్ లాంటివాళ్లు డ్రైవింగ్ నేర్చుకున్న ఆ ఘాట్ రోడ్లు ఎడమకే తిరిగేవి కావు. మరి ఈ ఆట గుండ్రటి ట్రాకుల్లోకి ఎందుకు వెళ్లింది? టికెట్టు డబ్బుల కోసం. కొండదారికి కంచె వేసి గేటు పెట్టలేం. దక్షిణాది ఊళ్లలో తిరునాళ్ల మైదానాల్లో గుర్రప్పందాల ఓవల్ ట్రాకులు అప్పటికే ఉన్నాయి. కూర్చున్నచోటి నుంచే రేసంతా కనిపిస్తుంది కాబట్టి జనం టికెట్టు కొంటారు. 1947 డిసెంబరులో ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో ఒక హోటల్లో సమావేశం పెట్టి నాస్కార్‌కి పునాది వేసిన బిల్ ఫ్రాన్స్‌కి ఈ లెక్క బాగా తెలుసు. 1950లో దక్షిణ కరోలినాలోని డార్లింగ్టన్‌లో పెద్ద తారు ఓవల్ వచ్చింది. పక్కనున్న చేపల కుంటను స్థలం యజమాని వదులుకోనన్నాడని, ఆ ట్రాక్‌ని ఒక చివర ఇరుకుగా, గుడ్డు ఆకారంలో కట్టారు. 1959లో డేటోనాలో రెండున్నర మైళ్ల ట్రాక్ తెరిచారు. దాని మలుపులు 31 డిగ్రీల వాలుతో గోడలా లేచి ఉంటాయి.

ఓవల్‌కి తగ్గట్టే కారూ మారింది. బరువు ఎడమవైపుకి మోపారు. కుడివైపు టైర్ల చుట్టుకొలత కాస్త పెంచారు. దాంతో స్టీరింగ్ వదిలేసినా కారు తనంతట తనే ఎడమకి లాగేది. పెద్ద ఓవల్ మీద బ్రేకు తొక్కే పని తక్కువ, గేరు మార్చే పని ఇంకా తక్కువ. అక్కడ నైపుణ్యమంతా గంటకు 300 కిలోమీటర్ల వేగంలో ముందు కారు వెనక గాలిని వాడుకోవడంలో, టైర్ల అరుగుదలను కనిపెట్టడంలో, అంగుళాల దూరంలో పక్కకారుతో కలిసి గంటల తరబడి పరుగెత్తడంలో ఉంటుంది.

అదే కాలంలో ఈశాన్యాన న్యూయార్క్ రాష్ట్రంలో ఇంకో రేసింగ్ మొదలైంది. 1948లో కామెరాన్ ఆర్గెట్‌సింగర్ అనే లా విద్యార్థి వాట్కిన్స్ గ్లెన్ ఊరి వీధుల్లో యూరప్ పద్ధతి రోడ్ రేసు పెట్టించాడు. అందులో పాల్గొన్నవాళ్లలో చాలామంది దిగుమతి కార్లు కొనగలిగిన డబ్బున్నవాళ్లు. వాళ్ల క్లబ్బు నియమాల ప్రకారం డబ్బు కోసం పందెం ఆడకూడదు. దక్షిణాదిలో ఆడేవాళ్లేమో రైతు బిడ్డలు, మెకానిక్కులు, మిల్లు ఊళ్ల కుర్రాళ్లు. వాళ్లకు పందెం డబ్బే బతుకుతెరువు. "వాళ్లకి కుడికి తిరగడం రాదు" అన్న మాట ఈ రెండు అమెరికాల మధ్య తేడాలోంచి పుట్టింది.

ఈ రెండు లోకాలూ అప్పుడప్పుడు కలిసేవి. 1954లో న్యూజెర్సీలోని లిండెన్ విమానాశ్రయం రన్‌వేల మీద నాస్కార్ తన మొదటి రోడ్ రేసు పెట్టి, విదేశీ కార్లనూ రానిచ్చింది. అల్ కెల్లర్ ఒక జాగ్వార్‌లో గెలిచాడు. ఆ కారు జాజ్ బ్యాండు నాయకుడు పాల్ వైట్‌మన్‌ది. ఆ తర్వాత నాస్కార్ పెద్ద సిరీస్‌లో మళ్లీ ఒక విదేశీ కంపెనీ కారు గెలవడానికి 2008లో టయోటా వచ్చేదాకా ఆగాల్సివచ్చింది.

అసలు పరీక్ష కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ రోడ్ కోర్సు మీద జరిగింది. 1963 నుంచి అక్కడ ఏటా జనవరిలో 500 మైళ్ల రేసు పెట్టేవారు. ఫార్ములా వన్‌లో గెలిచిన డాన్ గర్నీ 1963 నుంచి 1966 దాకా వరసగా నాలుగుసార్లు, 1968లో మరోసారి ఆ రేసు గెలిచాడు. దక్షిణాది యోధులను వాళ్ల కార్లతోనే ఓడించాడు. కుర్రతనంలో అతనున్నది రివర్‌సైడ్‌లోనే. ఆ ట్రాక్ అతనికి సొంత పెరడు. అయితే గర్నీ గెలిచిన ఐదింటిలో నాలుగు, వర్జీనియా కొండప్రాంతానికి చెందిన వుడ్ బ్రదర్స్ జట్టు కారులో. టైర్లు మార్చడం, పెట్రోలు నింపడం సెకన్ల లెక్కన చేసి చూపించిన జట్టు అది. రోడ్డు తెలిసిన డ్రైవరుకి కారు తెలిసిన దక్షిణాది మెకానిక్కులు తోడయ్యారు. 1973 జనవరిలో ఇంజనీరింగ్ చదివిన రోడ్ రేసర్ మార్క్ డోనహ్యూ అక్కడే గెలిచినప్పుడు, అతని ఏఎంసీ మటాడర్‌కి నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులున్నాయి. బరువైన కారును మలుపుకి ముందు ఆపగలిగినవాడిదే రోడ్ కోర్సు కనుక ఆ బ్రేకుల విలువ ఎక్కువ.

డోనహ్యూ తర్వాత ఒక విచిత్రం జరిగింది. బయటి రోడ్ రేసర్లను ఒక్క రేసు కోసం తెచ్చుకోవడం జట్లకు అలవాటైంది. అలా వచ్చినవాళ్లను రింగర్లంటారు. కెనడాకి చెందిన రాన్ ఫెలోస్ 1999లోనూ 2004లోనూ వాట్కిన్స్ గ్లెన్‌లో రెండోవాడిగా వచ్చాడు. స్కాట్ ప్రూయెట్ 2003లో అక్కడే రెండో స్థానంలో నిలిచాడు. అదే ఏడాది బోరిస్ సెడ్ కాలిఫోర్నియాలోని సోనోమాలో పోల్ పొజిషన్, అంటే అందరికంటే ముందు నుంచి మొదలుపెట్టే చోటు, కొట్టాడు. గెలుపు మాత్రం ఎవరికీ దక్కలేదు. 1973 తర్వాత 50 ఏళ్లపాటు ఒక్క రింగరూ గెలవలేదు. కుడికి తిరగడం రాదనిపించుకున్నవాళ్లే ఏటా వాళ్లను వెనక్కి నెట్టారు.

దీనికి కారణాలు రెండు. మొదటిది, రింగర్లను ఎక్కువగా పిలిచినవి చిన్న జట్లు. గర్నీకి దొరికినటువంటి కారు వాళ్లలో చాలామందికి దొరకలేదు. రెండోది, ఏడాది పొడవునా నడిచే పాయింట్ల పట్టికలో రోడ్ కోర్సులు కూడా లెక్కే. వాటిని వదిలేస్తే ఛాంపియన్‌షిప్ పోతుంది కాబట్టి నాస్కార్ డ్రైవర్లు పట్టుబట్టి నేర్చుకున్నారు. బాబీ ఆలిసన్, రిచర్డ్ పెట్టీ, రస్టీ వాలెస్ తలా ఆరు రోడ్ రేసులు గెలిచారు. జెఫ్ గార్డన్ 9 గెలిచి రికార్డు పెట్టాడు. అందులో 1997 నుంచి 2000 దాకా వరసగా ఆరు గెలిచాడు. టోనీ స్టీవర్ట్ 8 గెలిచాడు. గార్డన్, స్టీవర్ట్ ఇద్దరూ చిన్నప్పటి నుంచి మట్టి ఓవల్ ట్రాకుల మీద తేలిక కార్లు నడిపి పెరిగినవాళ్లు. మట్టి మీద వెనక చక్రాలు జారుతుంటే యాక్సిలరేటర్‌తోనే కారును అదుపు చేయాలి. టైర్లు అరిగిపోయిన 1500 కిలోల కారును రోడ్ కోర్సు మలుపులోంచి బయటికి లాగడానికి కావలసింది సరిగ్గా అదే.

అందరికీ అది అబ్బిందని కాదు. మొత్తం 76 రేసులు గెలిచిన డేల్ ఎర్న్‌హార్ట్‌కి రోడ్ కోర్సు గెలుపు ఒక్కటే, 1995 సోనోమా. 83 గెలిచిన జిమ్మీ జాన్సన్‌దీ ఒక్కటే, 2010 సోనోమా. అదీ చేతికి అందివచ్చిన గెలుపే. ముందున్న ఆస్ట్రేలియా డ్రైవరు మార్కస్ ఆంబ్రోస్, అందరూ నెమ్మదిగా వెళ్లాల్సిన పసుపు జెండా సమయంలో పెట్రోలు ఆదా చేద్దామని ఇంజను ఆపాడు. ఎత్తెక్కేచోట మళ్లీ స్టార్ట్ కాక కారు నిలిచిపోయింది. 2011, 2012ల్లో ఆంబ్రోస్ వాట్కిన్స్ గ్లెన్‌లో వరసగా గెలిచి ఆ బాకీ తీర్చుకున్నాడు. అప్పటికి అతను రింగర్ కాదు, నాస్కార్‌లోనే స్థిరపడి ఏడాదంతా ఆడుతున్నవాడు. ప్రమాదం కూడా ఈ ట్రాకుల్లో తక్కువేం కాదు. 1991లో వాట్కిన్స్ గ్లెన్‌లో జె.డి. మెక్‌డఫీ చనిపోయాక, వేగం తగ్గించడానికి అక్కడ కొత్త మలుపుల వరస ఒకటి కట్టారు.

2022లో కారు మారడంతో లెక్కంతా తలకిందులైంది. దశాబ్దాలుగా వాడిన నాలుగు గేర్ల పాత గేరుబాక్సు పోయి, ముందుకీ వెనక్కీ లాగితే చాలు పడే ఐదు గేర్ల సీక్వెన్షియల్ వచ్చింది. వెనక చక్రాలకు విడివిడి సస్పెన్షన్, వాటికి పెద్ద బ్రేకులు, 18 అంగుళాల చక్రాలు వచ్చాయి. ఒక్కమాటలో, ప్రపంచంలో మిగతాచోట్ల రోడ్ రేసర్లు వాడే కారుకి నాస్కార్ కారు దగ్గరైంది. 2017 దాకా ఏడాదికి రెండే ఉన్న రోడ్ కోర్సు రేసులు 2021లో ఏడు అయ్యాయి. షార్లెట్ ఓవల్ లోపలి మైదానంలో మలుపులు కట్టి, 2018 నుంచి 2025 దాకా మా ఊళ్లోనూ రోడ్ రేసు పెట్టారు.

2023 జులైలో షికాగో నగర వీధుల్లో, వానకి తడిసిన రోడ్డు మీద, న్యూజిలాండ్‌కి చెందిన షేన్ వాన్ గిస్బర్గెన్ నాస్కార్ పెద్ద సిరీస్ అయిన కప్‌లో తన మొదటి రేసులోనే గెలిచాడు. ఆస్ట్రేలియా సూపర్‌కార్స్‌లో మూడుసార్లు ఛాంపియన్ అతను. నాస్కార్‌లో ఎక్కువమంది ఎడమకాలితో బ్రేకు వేస్తే, అతను కుడికాలి మునివేళ్లతో బ్రేకు తొక్కుతూ మడమతో యాక్సిలరేటర్ అదుముతాడు. 2025లో పూర్తి సీజన్ ఆడి మెక్సికో సిటీ, షికాగో, సోనోమా, వాట్కిన్స్ గ్లెన్, షార్లెట్‌లలో ఐదు రేసులు గెలిచాడు. ఐదూ రోడ్ కోర్సులే. ఓవల్ ట్రాకుల మీద వెనకబడి, అదే ఏడాది ఛాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్స్ మొదటి రౌండులోనే వెళ్లిపోయాడు. ఇంతకంటే పెద్ద పేర్లు కూడా తడబడ్డాయి. ఫార్ములా వన్ ఛాంపియన్లు కిమీ రైకొనెన్, జెన్సన్ బటన్ 2023లో టెక్సాస్ రోడ్ కోర్సుకి వచ్చారు. బటన్ 18వ స్థానంలో, రైకొనెన్ 29వ స్థానంలో ముగించారు. మన కోయంబత్తూరు నరైన్ కార్తికేయన్ కూడా ఫార్ములా వన్ నుంచి వచ్చి 2010లో నాస్కార్ ట్రక్ సిరీస్‌లో కొన్ని రేసులు ఆడాడు. మార్టిన్స్‌విల్‌లోని చిన్న ఓవల్ మీద తొలి రేసులో 13వవాడిగా వచ్చాడు. అభిమానుల ఓట్లతో ఆ ఏడాది ఆ సిరీస్‌లో అత్యంత జనాదరణ పొందిన డ్రైవరు అవార్డు దక్కింది గానీ, గెలుపు మాత్రం దక్కలేదు.

స్పిన్ తిరిగే పిచ్ మీద సెంచరీలు కొట్టినవాడు పెర్త్‌లో తడబడితే అతనికి బ్యాటింగే రాదని మనం అనం. నాస్కార్ విషయంలో కూడా న్యాయంగా చెప్పాల్సింది అదే. రోడ్ రేసర్లకి ఓవల్ కష్టం, ఓవల్ వాళ్లకి రోడ్డు కష్టం. మంచి కారు, ఏళ్ల తరబడి సాధన, ఆ రెండూ ఉన్నవాడు ఎటు తిరిగినా గెలుస్తాడు. కుడికి తిరగడం రాదన్న ఎగతాళిని 50 ఏళ్ల ఫలితాలు ఒప్పుకోవు. ఈ ఆట ఒక్కసారి చూద్దామనుకుంటే డేటోనాతో మొదలుపెట్టకండి. వాట్కిన్స్ గ్లెన్ రేసు చూడండి, ఆ తర్వాత డేటోనాకి రండి. ఎడమకి తిరగడం కూడా ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది.