చదువు, సంభాషణ, రాత: తెనాలి–బాపట్ల–రేపల్లె ప్రాంతంలో బడి వెలుపలి విద్య (1913–1955)

ఉపోద్ఘాతం

ఇరవయ్యో శతాబ్ది పూర్వార్ధంలో కృష్ణా పశ్చిమ డెల్టా నుంచి వచ్చిన రచయితల సంఖ్యను గమనించిన సాహిత్య చరిత్రకారులు సాధారణంగా రెండు కారణాలు చెబుతారు. మొదటిది 1855 నాటికి బెజవాడ వద్ద పూర్తయిన ఆనకట్ట వల్ల వచ్చిన మాగాణి సంపద. రెండవది ఆ సంపద నిలబెట్టిన బడులు, కళాశాలలు. తెనాలికి ‘ఆంధ్రా పారిస్’ అన్న పేరు స్థిరపడటం వెనుక కూడా ఈ వివరణే ఉంది. ఇందులో నిజం లేకపోలేదు. అయితే ఈ వివరణకు లొంగని వ్యక్తులున్నారు. 1924లో పుదుక్కోటలో పుట్టి, 1937లో తండ్రితో తెనాలి చేరి, హోటళ్లలో పనిచేస్తూ తెలుగు నేర్చుకుని, ‘శారద’ అన్న కలంపేరుతో నవలలు, కథలు రాసి, 1955లో మరణించిన ఎస్. నటరాజన్ వారిలో ముఖ్యుడు. ఆయనకు మాగాణి లేదు. తెలుగు బడి లేదు. తెలుగు మాతృభాష కూడా కాదు.

నటరాజన్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా ‘అద్భుతం’, ‘పుట్టుకతో వచ్చిన ప్రతిభ’ అన్న మాటలు వినిపిస్తాయి. ఈ మాటలు గౌరవంతో అన్నవే అయినా విచారణకు తలుపు మూసేస్తాయి. ప్రతిభ ఉన్న మనిషికి పుస్తకం ఎలా అందింది, ఎవరితో మాట్లాడాడు, రాయడం ఎక్కడ అభ్యసించాడు అన్న ప్రశ్నలు మిగిలిపోతాయి. తెనాలి, బాపట్ల, రేపల్లె పరిసరాలలో బడికి వెలుపల సాగిన విద్యను చదువు, సంభాషణ, రాత అనే మూడు అభ్యాసాలుగా విడదీసి, వాటి పరస్పర సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇక్కడ ‘రాత’ అన్నప్పుడు అచ్చయిన రచననే కాక, చదివినదాన్ని తన మాటల్లోకి తెచ్చుకునే ప్రయత్నాలన్నింటినీ గ్రహించాలి. ఎత్తి రాసుకోవడం, అనువదించడం, పద్యంగా మలచడం ఇందులోకి వస్తాయి.

చదువు: పుస్తకం మనిషి దగ్గరికి రావడం

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడిన తరువాత, అయ్యంకి వెంకటరమణయ్య మొదలైన వారి కృషితో గ్రంథాలయోద్యమం గ్రామాలకు విస్తరించింది. నేటి బాపట్ల జిల్లాలోని వేటపాలెంలో 1918లో యువజన సంఘంగా మొదలైన సంస్థ సారస్వత నికేతనంగా పెరిగింది. 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. పాత పత్రికల సంపుటాల కోసం పరిశోధకులు నేటికీ ఆ గ్రామానికి వెళుతున్నారు. ఒక గ్రామ గ్రంథాలయం విశ్వవిద్యాలయాల పరిశోధనకు ఆధారం కావడం ఈ ఉద్యమపు దూరదృష్టికి నిదర్శనం.

ఈ ప్రాంతపు భౌగోళిక స్థితిని బాగా అర్థం చేసుకున్న ప్రయత్నం మాత్రం పెదపాలెంలో జరిగింది. తెనాలికి సమీపంలోని ఆ గ్రామంలో పాతూరి నాగభూషణం (1907–1987) సేవాశ్రమ వాణీమందిరాన్ని నడిపారు. ఆనకట్ట నుంచి బయలుదేరిన కాలువలు పొలాలకు నీళ్లిచ్చేవే కాదు, ఊళ్లను కలిపే దారులు కూడా. కొల్లూరు వైపు ప్రయాణాలు ఆనాడు పడవల మీద సాగేవి. 1935లో పెదపాలెం–కొల్లూరు మధ్య పడవ ప్రయాణికుల కోసం వాణీమందిరం పక్షాన బోటు గ్రంథాలయం ఏర్పాటయింది.

ఈ ఏర్పాటును చరిత్రలో ఒక వింతగా పేర్కొని వదిలేయడం పరిపాటి. దీని వెనుక ఒక స్పష్టమైన ఆలోచన ఉంది. స్థిర గ్రంథాలయం పాఠకుడి కోసం ఎదురు చూస్తుంది. చదువుకు తీరిక, గడప దాటడానికి చొరవ, లోపల కూర్చోవడానికి సంకోచం లేకపోవడం ఉన్నవాడే అక్కడికి వస్తాడు. పడవలో ఉన్నవాడికి తీరిక తప్పనిసరి. పక్కవాడు కూడా అక్కడే ఉంటాడు. అటువంటి చోట ఒకరు చదువుతుంటే మరొకరు వినడం, విన్నదాని మీద మాట కలపడం సహజం. పురాణ కాలక్షేపానికి అలవాటుపడిన సమాజంలో వినడం కూడా చదువే. కనుక బోటు గ్రంథాలయం పుస్తకాన్ని సంచారంలో పెట్టడమే కాక, చదువునూ సంభాషణనూ ఒకే బల్ల మీద కూర్చోబెట్టింది అనవచ్చు.

సంభాషణ: సభ, ఆశ్రమం, హోటలు

సంభాషణ సంప్రదాయానికి ఈ ప్రాంతంలో మూడు వేదికలు కనిపిస్తాయి.

మొదటిది సభ. 1913 మే నెలలో బాపట్లలో బి.ఎన్. శర్మ అధ్యక్షతన ప్రథమ ఆంధ్ర మహాసభ జరిగింది. ప్రత్యేకాంధ్ర రాష్ట్రం గురించి జిల్లాల ప్రతినిధుల మధ్య భిన్నాభిప్రాయాలు వచ్చాయి. వెంటనే తీర్మానించకుండా, ప్రజాభిప్రాయాన్ని కూడగట్టే బాధ్యతను ఒక స్థాయీ సంఘానికి అప్పగించారు. రాజకీయ చరిత్రలో దీనిని వాయిదాగా చూడవచ్చు. విద్యా దృష్టితో చూస్తే, ఒప్పుకోనివారితో మాట్లాడవలసిన అవసరాన్ని ఒక మహాసభ అంగీకరించిన సందర్భమిది.

రెండవది ఆశ్రమం. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి వచ్చిన త్రిపురనేని రామస్వామి చౌదరి (1887–1943) తెనాలిలో స్థిరపడి, తన నివాసానికి ‘సూతాశ్రమం’ అని పేరు పెట్టారు. ఈ పేరు ఆలోచింపదగినది. పురాణాలలో అనేకం నైమిశారణ్యంలో శౌనకాది మునులు అడగగా సూతుడు చెప్పినవే. అంటే పురాణ స్వరూపమే ప్రశ్న, సమాధానం. ఆ చెప్పేవాడు అగ్రవర్ణుడు కాడు. పురాణాలను తార్కికంగా ప్రశ్నించిన కవి, పురాణం చెప్పినవాడి పేరునే ఇంటికి పెట్టుకోవడంలో వ్యంగ్యం ఉంది, వారసత్వ ప్రకటన కూడా ఉంది. ప్రశ్న వేసే హక్కు శౌనకులకే ఎందుకుండాలి అన్నది ఆ పేరులోని అంతరార్థంగా గ్రహించవచ్చు. ఆయన కుమారుడు గోపీచంద్ (1910–1962) ‘అసమర్థుని జీవయాత్ర’ను అంకితమిస్తూ, ఎందుకని ప్రశ్నించడం నేర్పిన తండ్రిగా ఆయనను స్మరించుకున్నారు. అదే నవలలోని సీతారామారావు ఎడతెగకుండా ఆలోచిస్తాడు. కానీ ఆ ఆలోచనను మరొకరి ముందు పెట్టి సరిచూసుకునే సంభాషణ అతనికి లేదు. ప్రశ్న లోపలే తిరిగితే మనిషిని ఎలా దహిస్తుందో చూపిన నవల, ప్రశ్నలకు నెలవైన ఇంటి నుంచి రావడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది.

మూడవది హోటలు. సభలో ప్రతినిధి మాట్లాడతాడు. ఆశ్రమంలో అతిథి మాట్లాడతాడు. హోటల్లో డబ్బిచ్చి కాఫీ తాగే ఎవరైనా మాట్లాడవచ్చు. అయితే అక్కడ కప్పులు అందించేవాడు వింటాడే గాని, మాట కలపడు. సంభాషణలోని ఈ అసమానతను గుర్తించకుండా నటరాజన్ సాహిత్యం అర్థం కాదు.

రాత: చదివినదాన్ని తనది చేసుకోవడం

చదువు, సంభాషణ రెండూ క్షణికమైనవి. వాటిని నిలిపేది రాత. ఈ ప్రాంతపు రచయితలలో రాత మూడు రూపాలు ధరించింది.

తెనాలికి చెందిన చక్రపాణి (ఆలూరి వెంకట సుబ్బారావు, 1908–1975) క్షయ చికిత్స కోసం మదనపల్లెలో ఉన్నప్పుడు తోటి రోగి సాయంతో బెంగాలీ నేర్చుకున్నారని ప్రసిద్ధి. తరువాత శరత్ రచనలను తెలుగులోకి తెచ్చారు. ఇక్కడ సంభాషణ భాష నేర్పింది, అనువాదం ఆ నేర్పును స్థిరపరిచింది. అనువాదకుడి కంటే నిదానంగా చదివే పాఠకుడు ఉండడు.

రేపల్లె ప్రాంతంలోని కావూరులో పుట్టి, బాపట్ల పరిసరాలలో తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసిన తుమ్మల సీతారామమూర్తి (1901–1990) గాంధీజీ జీవితాన్ని పద్యంగా మలిచారు. ఆయన ‘మహాత్మకథ’కు 1969లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. సమకాలికుడి జీవితాన్ని చదివి, దశాబ్దాలపాటు ఛందస్సులో తిరిగి చెప్పుకోవడం కూడా ఒక అధ్యయన పద్ధతే.

తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు (1909–1980) కాశీలో భౌతికశాస్త్రం ఎం.ఎస్సీ.లో చేరి, ఆర్థిక మాంద్యం కారణంగా చదువు ఆపవలసి వచ్చింది. ఆగినది డిగ్రీ మాత్రమే. విజ్ఞానశాస్త్రం, చరిత్ర, సినిమా, సాహిత్యం గురించి ఆయన జీవితాంతం వ్యాసాలు రాశారు. తెలిసినదాన్ని చెప్పడానికే కాక, తెలుసుకోవడానికి కూడా వ్యాసం సాధనమని ఆ విస్తృతి చూపుతుంది. ‘చదువు’ అన్న పేరుతో నవల రాసిన ఆయన, బడి చదువుకూ జీవితానికీ మధ్య ఎడాన్ని పరిశీలించడం ఈ నేపథ్యంలో గమనార్హం.

మూడు అభ్యాసాల కూడలి: శారద

పై మూడు అభ్యాసాలూ నటరాజన్‌లో కలిశాయి. తెలుగు చదువు పనివేళల మధ్య సంపాదించుకున్నది. సంభాషణ హోటల్లో విన్నది, మిత్రులతో పంచుకున్నది. ఆ మిత్రులలో ఆలూరి భుజంగరావు ఒకరు. ఆయన కూడా హోటల్లో పనిచేసినవారే. స్వయంకృషితో హిందీ నేర్చి, రాహుల్ సాంకృత్యాయన్ మొదలైన వారి రచనలను అనువదించినవారు. ఇద్దరు శ్రామికులు తమకు పరాయివైన భాషలను పట్టుకుని సాహిత్యంలోకి రావడం, ఆ ఇద్దరూ మిత్రులు కావడం, ‘ఒంటరి ప్రతిభ’ అన్న భావనను ప్రశ్నిస్తుంది.

‘ఏది సత్యం’, ‘మంచీ చెడూ’, ‘అపస్వరాలు’ నవలలలో పట్టణపు మనుషులు, వారి మధ్య డబ్బు చేసే పని, మాటకూ నడతకూ ఉన్న దూరం కనిపిస్తాయి. బల్ల పక్కన నిలబడి వినేవాడికి మాత్రమే తెలిసే లోకం ఇది. సంభాషణలో తనకు రాని వంతును నటరాజన్ రాతలో తీసుకున్నాడు అన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. ఆయన సృజన, విన్నదానికీ చెప్పగలిగినదానికీ మధ్య ఏర్పడిన ఒత్తిడి నుంచి పుట్టింది.

పరిమితులు

ఈ విద్యను ఆదర్శీకరించడం తగదు. ముప్పై ఒకటో ఏట పేదరికం, అనారోగ్యం నటరాజన్‌ను బలిగొన్నాయి. పుస్తకం అందించగలిగిన ఊరు ఆయనకు ఆరోగ్యాన్ని, నిశ్చింతను అందించలేకపోయింది. ‘అద్భుతం’ అన్న మాట ఈ వైఫల్యాన్ని కప్పిపుచ్చుతుంది కనుకనే దానిని ప్రశ్నించవలసి వస్తున్నది. అలాగే ఈ వ్యాసంలో పేర్కొన్నవారంతా పురుషులే. పడవ, సభ, హోటలు మూడూ పురుషుల సంచారానికి అనువైన వేదికలు. స్త్రీల చదువు, సంభాషణ ఏ వేదికల మీద సాగాయన్నది వేరుగా పరిశోధించవలసిన విషయం.

ముగింపు

పై పరిశీలన నుంచి రెండు విషయాలు తేలుతున్నాయి. ఈ ప్రాంతపు సాహిత్య సంపద కేవలం కాలువ నీటి ఫలితం కాదు. ఆ కాలువ మీద పుస్తకాన్ని నడిపించిన, ఇంటిని ప్రశ్నలకు తెరిచిన, కాఫీ హోటల్లో విన్నదాన్ని రాతలో పెట్టిన మనుషుల అభ్యాసాల ఫలితం కూడా. రెండవది ఆధారాలకు సంబంధించినది. నటరాజన్ జీవితం ఈనాడు మనకు తెలుస్తున్నదంటే, భుజంగరావు రాసిన ‘సాహిత్య బాటసారి శారద’ అందుకు ముఖ్య కారణం. సంభాషణలో తోడుగా ఉన్నవాడే చరిత్రకారుడయ్యాడు. అందరికీ అటువంటి మిత్రుడు దొరకడు.

గ్రామ గ్రంథాలయాల పుస్తకాల చేర్పు పట్టికలు, అరువు రిజిస్టర్లు, చేతిరాత పత్రికలు, పాఠకులు ఎత్తి రాసుకున్న నోటు పుస్తకాలు సాహిత్య చరిత్రకు మూలాధారాలు. అచ్చయిన గ్రంథం ఎవరు రాశారో చెబుతుంది, ఎవరు చదివి మారారో ఈ కాగితాలే చెబుతాయి. అవి చెదలు పట్టకముందే, పాత కాగితాల బండికి చేరకముందే సేకరించడం తెలుగు శాఖల తక్షణ కర్తవ్యం.