82 ఎవరిది?

మధిర నుంచి మా మేనకోడలిని పళ్ళకి క్లిప్పులు వేయించడానికి ఖమ్మం తీసుకెళ్తే, ముందు తలకి పక్కనుంచి ఎక్స్‌రే తీశారు. చెవుల దగ్గర రెండు పుల్లలు పెట్టి తల కదలకుండా బిగించారు. రిపోర్టులో ఒక వరుస: ఎస్‌ఎన్‌ఏ, ఉండాల్సింది 82 డిగ్రీలు, ఉన్నది 85. "ఉండాల్సింది అని ఎవరు చెప్పారు మామయ్యా? ఈ 82 ఎవరిది?" అంది. పన్నెండేళ్ళ పిల్ల ప్రశ్నకి జవాబు వెతకడానికి వందేళ్ళు వెనక్కి వెళ్ళాల్సొచ్చింది.

మన దగ్గర తలలు కొలవడం పళ్ళ కోసం మొదలవలేదు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గర్ థర్‌స్టన్ కాలిపర్స్ పట్టుకుని కులాలవారీగా తలల పొడవు వెడల్పులు, ముక్కుల కొలతలు తీశాడు. కె. రంగాచారితో కలిసి 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. మధిర అప్పుడు నిజాం రాజ్యంలో ఉంది. భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీలోది. కోయల గురించి నాలుగో సంపుటంలో చదవొచ్చు. ఆనాటి ఈ విద్య మొత్తానికీ ఒకటే నమ్మకం: తల ఆకారం జాతి ముద్ర, తరాలు గడిచినా మారదు. అమెరికాలో ఫ్రాంజ్ బోయస్ వలసవచ్చినవాళ్ళనీ వాళ్ళ పిల్లల్నీ, దాదాపు 18 వేలమందిని కొలిచి, ఒక్క తరంలోనే తలల కొలతలు మారుతున్నాయని 1911 నాటికి చూపించాడు.

పళ్ళ డాక్టర్లకి కావల్సింది సరిగ్గా ఆ మార్పే. క్లీవ్‌లాండ్‌లో హోలీ బ్రాడ్‌బెంట్ పుర్రెల్ని బిగించి కొలిచే పరికరాన్ని బతికున్న పిల్లల తలకి పనికొచ్చేలా మార్చి, 1931లో ఆ ఎక్స్‌రే పద్ధతిని ప్రచురించాడు. అదే ఏడాది జర్మనీలో హోఫ్రాత్ కూడా. ప్రతిసారీ తల ఒకే చోట, ఒకే కోణంలో ఉంటుంది కాబట్టి నిరుటి ఫిల్మ్ మీద ఈ ఏటిది పెట్టి దవడ ఎటు పెరిగిందో చూడొచ్చు. పుర్రె అడుగుభాగం ముందువైపు ఏడేళ్ళ తర్వాత పెద్దగా మారదు. అందుకే పిట్యూటరీ గ్రంథి కూర్చునే గుంట నుంచి ముక్కు మొదలు దాకా గీసిన గీతని ఆధారంగా తీసుకుంటారు. ఎస్‌ఎన్‌ఏ అంటే ఆ గీతకి పైదవడ చేసే కోణం.

ఇంతవరకూ పిల్లని తనతోనే పోల్చుతున్నాం. చిక్కంతా "ఉండాల్సింది" దగ్గర. 1948లో విలియం డౌన్స్ చక్కటి పలువరుస ఉన్న 20 మంది తెల్లజాతి పిల్లల్ని కొలిచి ప్రమాణాలు ఇచ్చాడు. 82ని వాడుకలోకి తెచ్చింది 1953 నాటి సిసిల్ స్టైనర్ పద్ధతి. అదీ అమెరికన్ల సగటే. ఇలాంటి సగటులు చూసే, నాలుగు మంచి పళ్ళు తీసేయాలా వద్దా అన్న ఆలోచన కూడా చేస్తారు. భారతీయుల మీద తర్వాత చేసిన కొలతల్లో ముందుపళ్ళూ పెదాలూ సగటున కాస్త ముందుకే ఉన్నాయి. అది జబ్బు కాదు, మన మొహం.

సగటు చెప్పి, దాని చుట్టూ మామూలుగా ఎంత తేడా ఉంటుందో చెప్పకపోతే సగం సమాచారమే ఇచ్చినట్టు. మూడు డిగ్రీల తేడా ఆ అమెరికన్లలోనూ మామూలే. మళ్ళీ వెళ్ళినప్పుడు పాప తన ప్రశ్న డాక్టరు గారినే అడిగింది. ఆయన రిపోర్టు పక్కన పెట్టి, "ఓసారి నవ్వమ్మా" అని మొహం చూశారు. పళ్ళు తీసే మాట ఇప్పుడే వద్దు, ఇంకా పెరుగుతోంది కదా, అన్నారు.