రెండు నోటుపుస్తకాలు: మేరీ క్యూరీ దైనందిన రాతల్లో ప్రయోగశాల, పసిబిడ్డ (1897–1899)

ఉపోద్ఘాతం

శాస్త్రవేత్తల జీవితచరిత్రలకు ప్రధానాధారాలు వారు ప్రచురించిన పత్రాలు, ప్రయోగశాల నోటుపుస్తకాలు. ఇంటిలెక్కలనూ, పిల్లల ఎదుగుదల గురించి రాసుకున్న కాగితాలనూ చరిత్రకారులు సాధారణంగా కథనానికి కాస్త రంగు అద్దడానికే వాడుకుంటారు. మేరీ క్యూరీ (1867–1934) విషయంలో ఈ రెండో రకం ఆధారాలు కూడా నిలిచి ఉన్నాయి. 1897 సెప్టెంబరు 12న పెద్దకుమార్తె ఐరీన్ జన్మించింది. ఆనాటి నుంచి 1899 జనవరి వరకు గడిచిన దాదాపు పదహారు నెలల్లో మేరీ యురేనియం కిరణాలపై పరిశోధన ప్రారంభించి, భర్త పియర్ క్యూరీతో కలిసి పొలోనియం, రేడియం అనే రెండు కొత్త మూలకాల ఉనికిని ప్రకటించారు. ఆ కాలంలోనే మరొక పుస్తకంలో బిడ్డ బరువు, ఆహారం, పళ్ళు నమోదు చేశారు. ఈ రెండు రకాల రాతలకు గల సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తూకాన్ని బట్టి నిర్ణయం

ఐరీన్ పుట్టిన రెండు నెలలకు, 1897 నవంబరులో, మేరీ తన తండ్రికి ఒక లేఖ రాశారు. తాను ఇంకా బిడ్డకు పాలిస్తున్నాననీ, మూడువారాల పాటు బిడ్డ బరువు తగ్గడంతో భయపడ్డాననీ, ఇప్పుడు కొంత పుంజుకుంటున్నదనీ అందులో ఉంది. బరువు సవ్యంగా పెరిగితే తానే పాలివ్వడం, లేకుంటే పాలదాదిని పెట్టుకోవడం ఆమె ముందున్న రెండు మార్గాలు. చివరకు పాలదాది రాక తప్పలేదు. బాలింతకు సహజమైన ఆందోళన ఈ లేఖలో స్పష్టంగా ఉంది. అయితే ఆ ఆందోళనను తీర్చడానికి ఆమె ఆశ్రయించినది తక్కెడను. మనసు చెప్పిందని కాదు, వరుస తూకాలు చెప్పాయని ఆమె నిర్ణయం తీసుకున్నారు.

మరునెల 16వ తేదీన ప్రయోగశాల నోటుపుస్తకంలో కొత్త పరిశోధన నమోదులు మొదలయ్యాయి. పియర్ బోధిస్తున్న పారిశ్రామిక భౌతిక, రసాయన పాఠశాలలో ఆమెకు దక్కినది తేమపట్టిన ఒక గది. అతి స్వల్పమైన విద్యుత్ ప్రవాహాలను కొలవవలసిన పనికి తేమ పెద్ద శత్రువు. 1898 ఫిబ్రవరి 6న గది ఉష్ణోగ్రత 6.25 డిగ్రీలని రాసి, దాని పక్కన పది ఆశ్చర్యార్థకాలు పెట్టారు. అంకెలు నిండిన ఆ పుటల్లో మనిషి గొంతు వినబడే చోటు ఇది.

వంటపుస్తకం అంచున ఆమె రాసుకున్న ఒక వివరం కూడా ఇక్కడ ప్రస్తావించదగినది. ఎనిమిది పౌన్ల గూస్‌బెర్రీ పళ్ళు, అంతే తూకం చక్కెర, పది నిమిషాల ఉడుకు, సన్నని జల్లెడ, చివరకు పద్నాలుగు జాడీల జెల్లీ. జెల్లీ బాగా గట్టిపడిందనీ, అయితే పారదర్శకంగా లేదనీ ఫలితాన్ని నమోదు చేశారు. పద్ధతి, పరిమాణం, ఫలితం, లోపం అన్నీ అందులో ఉన్నాయి. దీన్ని గృహిణి ముచ్చటగా కొట్టిపారేయడం కష్టం.

ఎవరి కూర్పు?

1898 జులై 18న పొలోనియం పత్రం ఫ్రెంచి సైన్సు అకాడమీకి చేరింది. జులై 20న బిడ్డ పుస్తకంలో ఉన్నది వేరే సంగతి: ఐరీన్ బాగా పాకుతున్నది, అర్థంలేని పలుకులు పలుకుతున్నది, రోజంతా తోటలో తివాచీ మీద గడుపుతున్నది. ఆగస్టు 15 నాటికి ఏడో పన్ను వచ్చింది. నదిలో స్నానానికి మూడురోజులు ఏడ్చిన పిల్ల నాలుగోనాడు నీళ్ళతో ఆడుకున్నది. అక్టోబరు 17 నాటికి పాకడం మాని నడుస్తున్నది. డిసెంబరు 26న గుస్తావ్ బెమోన్‌తో కలిసి క్యూరీ దంపతులు రేడియం గురించి ప్రకటించారు. పదిరోజుల తరువాత, 1899 జనవరి 5న, ఐరీన్‌కు పదిహేను పళ్ళని రాసి ఉంది.

రేడియం పక్కన పాలపళ్ళు కనబడే ఈ అమరిక పాఠకులను ఆకట్టుకుంటుంది. కాని ఇలా పక్కపక్కన చేర్చినది మేరీ కాదు. 1937లో వెలువడిన జీవితచరిత్రలో చిన్నకుమార్తె ఈవ్ క్యూరీ. ఈవ్ జన్మించినది 1904 డిసెంబరులో. అంటే ఆమె ఈ సంవత్సరాలకు సాక్షి కాదు. తల్లి మరణానంతరం కాగితాలను తిరగేసి ఎంపిక చేసిన రచయిత్రి. ఈ తేడాను విస్మరించి, పరిశోధననూ మాతృత్వాన్నీ సునాయాసంగా కలిపి నడిపిన స్త్రీగా మేరీని చిత్రించడం పరిపాటి అయింది. తల్లి రెండు పుస్తకాలను విడివిడిగానే ఉంచారు. వాటిని కలిపేది రాసే పద్ధతి మాత్రమే: తేదీ, పరిశీలన, అంకె. ఒకదానిపై మరొకదాని భారం ఎంత పడిందో ఆ పుటలు చెప్పవు. ప్రయోగశాలలో పనిచేస్తూ ఉన్నట్టుండి భయపడి, ఆయా బిడ్డను ఎక్కడైనా పోగొట్టిందేమోనని మోంత్సూరీ పార్కుకు మేరీ పరుగెత్తిన సందర్భాలను కూడా ఈవ్ చెప్పారు. నోటుపుస్తకాల్లోని నిశ్చలతను ఈ వివరంతో కలిపి చదవాలి.

1903 జూన్‌లో మేరీ డాక్టరేటు పొందారు. ఆగస్టులో నెలలు నిండకముందే పుట్టిన ఆడశిశువు దక్కలేదు. అక్క బ్రోన్యాకు రాసిన లేఖలో, బిడ్డ వస్తుందనే ఆలోచనకు తాను ఎంతగానో అలవాటుపడ్డాననీ, ఓదార్పు దొరకడం లేదనీ చెప్పుకున్నారు. తన శక్తిని లెక్కచేయకుండా పనిచేసినందువల్లే ఇలా జరిగిందని తన్ను తానే నిందించుకున్నారు. ఈవ్ గ్రంథంలో ఉన్న మేరకు ఆ లేఖలో కొలతల భాష కనబడదు.

మామగారు

ఈ కథలో తరచు ఒక వాక్యంతో సరిపెట్టే వ్యక్తి యూజీన్ క్యూరీ. ఐరీన్‌కు పురుడు పోసినవారు వైద్యుడైన ఈ మామగారే. మనవరాలు పుట్టిన రెండువారాలకే ఆయన భార్య మరణించారు. తరువాత ఆయన కొడుకు ఇంట చేరి, బిడ్డ బాధ్యత చాలావరకు తన మీద వేసుకున్నారు. కోడలు రోజంతా ప్రయోగశాలలో గడపడం ఆనాటి మధ్యతరగతి ఫ్రెంచి కుటుంబంలో మామూలు విషయం కాదు. ఆయన అందుకు అడ్డుచెప్పకపోవడమే కాక, దాన్ని సాధ్యం చేశారు. ఐరీన్‌కు మొక్కల పేర్లు నేర్పినదీ, సాహిత్యాభిరుచి కలిగించినదీ ఆయనే. 1906 ఏప్రిల్‌లో పియర్ ప్రమాదంలో మరణించిన తరువాత కూడా ఆయన కోడలి వద్దనే ఉండి, 1910 ఫిబ్రవరిలో కన్నుమూశారు. అప్పటికి ఐరీన్‌కు పన్నెండేళ్ళు, ఈవ్‌కు అయిదేళ్ళు. ప్రయోగశాల పుస్తకంలో పియర్, మేరీల దస్తూరీలు ఒకే పుటపై పక్కపక్కన కనబడతాయి గనుక ఆ పనిలో ఎవరి పాలు ఎంతో చర్చించడానికి వీలుంది. బిడ్డ పుస్తకంలో ఉన్నది తల్లి దస్తూరీ. ఆ నమోదుల మధ్య గడిచిన పగళ్ళలో బిడ్డను ఎత్తుకున్న చేతులు ఎవరివో తెలుసుకోవడానికి చరిత్రకారుడు ఇతర ఆధారాలను వెతుక్కోవలసి వస్తుంది.