నీళ్లే కొలబద్ద, నీళ్లే కల్తీ

తమిళనాడులోని హోసూరులో ప్రభుత్వ మద్యం దుకాణంలో అమ్మే బ్రాందీ సీసా మీద 42.8 శాతం అని అచ్చయి ఉంటుంది. నలభై కాదు, నలభై అయిదూ కాదు. ఈ వంకర అంకె ఎక్కడ పుట్టిందని ఆరా తీస్తే రెండువందల ఏళ్ల వెనక్కి, బ్రిటిష్ పార్లమెంటు దాకా వెళ్లాలి. 1816లో ఆ పార్లమెంటు సుంకాల వసూలుకు సైక్స్ హైడ్రోమీటరును, అంటే ద్రవంలో తేలి దాని సాంద్రత చెప్పే గొట్టాన్ని, ఆమోదించింది. 1818లో 'ప్రూఫ్' సారా అంటే ఏమిటో చట్టంలో రాసింది: 51 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర, అంతే కొలత స్వేదనజలం బరువులో పదమూడింట పన్నెండు వంతులు తూగేదే ప్రూఫ్ సారా. నేటి లెక్కలో అది 57.1 శాతం ఆల్కహాలు. ప్రూఫ్‌కు 25 డిగ్రీలు తక్కువంటే అందులో ముప్పాతిక, అంటే 42.8. దొరలు పోయారు, ఫారన్‌హీట్ లెక్కలు పోయాయి, నీళ్లతో తూచి తేల్చిన భిన్నం మాత్రం సీసా మీద మిగిలిపోయింది. హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలో సారా, పాలు, మామిడి గుజ్జు మూడింటికీ వేర్వేరు కాలాల్లో నీళ్లే కొలబద్ద అయ్యాయి. చిక్కేమిటంటే, ఈ మూడింటిలోనూ కలపడానికి సులువుగా దొరికే సరుకు కూడా నీళ్లే. తగువు తీర్చవలసిన పెద్దమనిషే తగువులో ఒక పక్షమైతే ఎలా ఉంటుందో ఈ కొలతల చరిత్ర అలా ఉంటుంది. నీటి ఈ రెండు పాత్రలను విడదీయడానికి పడ్డ పాట్లే ఆ చరిత్రలో అసలు కథ అని నా వాదన.

నీళ్లను కొలబద్దగా ఎంచుకున్నది వాటి స్వచ్ఛత చూసి కాదు. ఎవరికైనా, ఎక్కడైనా దొరుకుతాయి కనక. ఆర్కిమెడీస్ కాలం నుంచీ లోహాలను నీళ్లలో ముంచి తూచే పద్ధతి ఉంది. నీళ్లలో తేలే గొట్టం ఒకటి చేయించి పంపమని సైనీసియస్ అనే శిష్యుడు అయిదో శతాబ్ది తొలినాళ్లలో అలెగ్జాండ్రియాలోని హైపేషియాకు ఉత్తరం రాశాడు. కానీ దొరికే నీళ్లన్నీ ఒకటి కావన్న సంగతి కూడా పాతదే. 1121లో త్రాసు శాస్త్రం మీద పెద్ద గ్రంథం రాసిన అల్ ఖాజినీ, తనకు ముందరి పండితుడు బిరూనీ చేసిన కొలతలు ఖ్వారజం ప్రాంతపు జైహూన్ నది నీటితో చేసినవని గుర్తుచేసి, ఊరూరి నీటికీ బరువులో తేడా ఉంటుందని హెచ్చరించాడు. ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం 1795లో ఘన సెంటీమీటరు నీటి బరువే గ్రాము అని నిర్ణయించినప్పుడు మంచు కరిగే ఉష్ణోగ్రతను షరతుగా పెట్టింది. నీరు అన్నిటికన్నా చిక్కబడేది 4 డిగ్రీల దగ్గర అని తేలాక, 1799లో ఆ షరతు మారింది. 1901లో లీటరును కిలో నీటి పరిమాణంగా నిర్వచించారు. అది ఘన డెసిమీటరు కంటే పది లక్షల్లో 28 పాళ్లు ఎక్కువని బయటపడి, చివరికి 1964లో ఆ నిర్వచనాన్నే వదిలేశారు. అంటే కొలత నిక్కచ్చి అయ్యేకొద్దీ ఒట్టి 'నీరు' సరిపోలేదు. ఏ నీరు, ఎంత వేడిలో, ఎవరు వడకట్టింది అని అడగవలసి వచ్చింది.

ఇక మన ప్రాంతానికి వస్తే, కృష్ణగిరి ఉన్న బారామహల్ సీమ 1792లో, శ్రీరంగపట్నం ఒప్పందంతో, ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. హోసూరు వైపు ఎగువ సీమ 1799లో టిప్పు పతనం తర్వాత కలిసింది. సారా మీద ఆదాయం దొరతనానికి ఎంత ముఖ్యమో 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టం చూస్తే తెలుస్తుంది. ఘాటును బట్టి సుంకం కట్టాలంటే ఘాటును అంకెలో చెప్పగలగాలి, ఆ పని హైడ్రోమీటరు చేసింది. అది సారాలో ఎందుకు కుదిరిందో గమనించాలి. బట్టీ దిగిన సారాలో ఆల్కహాలు, నీరు తప్ప లెక్కలోకి వచ్చే మూడోది లేదు. ఒకటి ఎంతో తెలిస్తే రెండోది తెలిసినట్టే. గొట్టం ఎంత లోతుకు మునిగితే అంత ఘాటు. సారాలో నీళ్లు పోసినా మోసం కాదు, ఆ కొత్త ఘాటుకు తగ్గ సుంకం పడుతుంది. ఇక్కడ నీరు కొలబద్దా అవుతుంది, కలిపే సరుకూ అవుతుంది, అయినా గొడవ రాదు. కల్లు దగ్గరికి వచ్చేసరికి ఈ సౌఖ్యం పోతుంది. కల్లులో చక్కెర ఉంటుంది, అది సాంద్రతను పెంచుతుంది. పులిసేకొద్దీ పుట్టే ఆల్కహాలు దాన్ని తగ్గిస్తుంది. గొట్టం చూపే అంకె ఈ రెండింటి కుస్తీ ఫలితమే తప్ప ఘాటు కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో కల్లుకు చెట్టుపన్ను వేయడానికి ఇదొక్కటే కారణమని అనలేం, పూటలో పులిసిపోయే సరుకును గిడ్డంగిలో పెట్టి కొలిచే వీలూ లేదు. కానీ చెట్టును లెక్కపెట్టడం సులువని సర్కారు ఎంచుకున్న చోటే హైడ్రోమీటరు చేతులెత్తేసిందన్నది గమనించదగ్గది. తర్వాత హోసూరు పక్కన తొరపల్లిలో 1878లో పుట్టిన రాజగోపాలాచారి మద్రాసు ప్రధానిగా 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం తెచ్చారు. హోసూరు, కృష్ణగిరి అప్పుడు ఆ జిల్లాలోనివే. ఘాటు ఎంత అన్న ప్రశ్న పోయి, ఉందా లేదా అన్నది మిగిలింది.

పాల సంగతి వేరు. హోసూరు దగ్గర మత్తిగిరిలో 1824లో సైన్యం గుర్రాల కోసం మొదలైన క్షేత్రం తర్వాత పశువుల క్షేత్రమైంది. నేడు చుట్టుపక్కల పల్లెల్లో పాడి లేని రైతు ఇల్లు అరుదు. పాలసొసైటీ దగ్గర జరిగే పరీక్ష చూడటానికి అతి సులువు. పొడుగుపాటి జాడీలో నురగ లేవకుండా గోడ వెంట పాలు పోస్తారు. లాక్టోమీటరును వదిలి, అది ఊగడం ఆగేదాకా చూస్తారు. పాలు పారదర్శకం కావు కనక, గొట్టానికి అంటుకుని పైకి లేచిన అంచు దగ్గరే అంకె చదువుతారు. 28 అంటే నీటి సాంద్రత వెయ్యి అయితే పాలది 1028 అని అర్థం. పది పాళ్లకు ఒక పాలు నీళ్లు కలిస్తే ఇంచుమించు మూడు పాయింట్లు పడిపోతుంది. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ పాలలో నీరు కాక వెన్న ఉంది, వెన్న కాని ఘనపదార్థాలున్నాయి. మొదటిది నీటికంటే తేలిక, రెండోవి బరువు. మీగడ తీస్తే అంకె పెరుగుతుంది, నీళ్లు పోస్తే తగ్గుతుంది. రెండూ తగుపాళ్లలో చేస్తే లాక్టోమీటరు నిండు పాలని చెబుతుంది. ఒకే తప్పు చేసినవాడు దొరికిపోతాడు, రెండు చేసినవాడు తప్పించుకుంటాడు. నిజాయితీపరుడికి ఇంకో ఇబ్బంది. అప్పుడే పితికిన పాలు కొన్ని గంటలు నిలవ ఉన్న పాలకంటే కాస్త తక్కువ అంకె చూపిస్తాయి. తెల్లవారుజామున వెచ్చటి బిందెతో పరుగెత్తుకొచ్చిన రైతుకు ఆ తాజాదనమే నష్టమన్నమాట. అందుకే సాంద్రత ఒక్కటీ చాలదని, 1891లో నిక్లాస్ గెర్బర్ తెచ్చిన ఆమ్ల పరీక్షతో వెన్నను విడిగా కొలిచి, ఆ రెండు అంకెలూ కలిపి మిగతా ఘనపదార్థాలను లెక్కగట్టే పద్ధతి వచ్చింది. పాలలో రెండు తెలియనివి ఉంటే రెండు కొలతలు కావాలి, ఇది బడి లెక్కే. మూడో కాపలా గడ్డకట్టే ఉష్ణోగ్రత. నీరు సున్నా దగ్గర గడ్డకడితే ఆవు పాలు సుమారు మైనస్ 0.54 డిగ్రీల దగ్గర గడ్డకడతాయి. నూటికి పది పాళ్లు నీళ్లు కలిస్తే అది 0.05 డిగ్రీ సున్నా వైపు జరుగుతుంది. మీగడ తీసినా దీంట్లో చెప్పుకోదగ్గ మార్పు రాదు. మూడు పరీక్షల్లో రెండింట సున్నా గీత నీళ్లదే. అయితే ఒకచోట నీటి బరువు, ఇంకోచోట నీటి మంచు.

నీరు వేడికి మారిపోతుంది కదా, చలి దేశపు కొలబద్దను ఇక్కడ ఎలా నమ్మడం అని ఎవరైనా అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. ఒక లీటరు నీరు 4 డిగ్రీల దగ్గర దాదాపు 1000 గ్రాములైతే 30 డిగ్రీల దగ్గర 995.7 గ్రాములే. లాక్టోమీటరు లెక్కలో నాలుగు పాయింట్లకు పైబడిన తేడా ఇది, అంటే పాలకు పదోవంతు నీళ్లు కలిపిన దానికంటే ఎక్కువ. 51 డిగ్రీల ఫారన్‌హీట్ కృష్ణగిరి మైదానంలో ఏ పగలూ చూడం. 60 డిగ్రీల ఫారన్‌హీట్‌కు గీసిన విదేశీ లాక్టోమీటరుకు ప్రతిసారీ సవరణ వేయవలసి వచ్చేది. అందుకే భారత ప్రమాణాల సంస్థ లాక్టోమీటరుకు 27 డిగ్రీల సెల్సియస్‌ను ఆధారంగా తీసుకుంది. నా లెక్కలో స్వతంత్ర భారతం చేసిన తెలివైన చిన్న పనుల్లో ఇదొకటి. ఇక ఇక్కడి నీటి సంగతి. కృష్ణగిరి, ధర్మపురి భూగర్భజలాల్లో ఫ్లోరైడు ఎంతగా ఉందంటే, దాని కోసమే హొగెనకల్ నుంచి కావేరి నీళ్లు తెచ్చే పథకం కట్టి 2013లో ప్రారంభించారు. హోసూరు దగ్గరి కెలవరపల్లి జలాశయంలోకి దక్షిణ పినాకిని బెంగళూరు మురుగుతో నురగలు కక్కుతూ వస్తుంది. లీటరుకు గ్రాము ఉప్పున్న బోరు నీళ్లలో లాక్టోమీటరును సరిచూస్తే ముప్పావు పాయింటు దాకా తేడా రావచ్చు. కనక కొలబద్ద అయ్యే నీరు ఊరి నీరు కాదు, మరిగించి ఆవిరి పట్టి చల్లార్చిన నీరు. ఎక్కడైనా దొరుకుతుందని ఎంచుకున్నదాన్ని చివరికి తయారు చేసుకోవలసి వచ్చింది.

అలాంటప్పుడు పాదరసమో నూనెనో పెట్టుకోవచ్చుగా అనేవారికి జవాబు పానీయాల్లోనే ఉంది. పాలలో వందకు 87 వంతులు నీరే, మామిడి గుజ్జులోనూ ఎనభైకి పైనే. పానీయాన్ని నీటితో పోల్చడమంటే అందులో నీరు కానిదెంతో తేల్చడం. రైతుకు డబ్బు వచ్చేదీ, కొనేవాడు డబ్బు ఇచ్చేదీ ఆ నీరు కానిదానికే. కృష్ణగిరి గుజ్జు ఫ్యాక్టరీల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. మే నెల నుంచి లారీలు వరసకట్టే తోతాపురి, ఇక్కడివాళ్లు బెంగళూరా అనే కాయ, గుజ్జై టిన్నుల్లోకీ డ్రమ్ముల్లోకీ వెళ్తుంది. ఒప్పందంలో మొదటి గీత బ్రిక్స్, అంటే రసంలో కరిగిన చక్కెర పాలు చెప్పే కొలత: తోతాపురి గుజ్జుకు కనీసం 14 డిగ్రీలు. దాన్ని చూసే రిఫ్రాక్టోమీటరు పట్టకం మీద ముందు ఒక చుక్క డిస్టిల్డ్ వాటర్ వేస్తారు. మూత మూసి, వెలుగుకూ చీకటికీ మధ్య గీత సున్నా మీద పడేలా మర తిప్పుతారు. తుడిచి, గుడ్డలో పిండిన గుజ్జు రసం చుక్క వేస్తారు. 20 డిగ్రీలకు గీసిన ఈ పరికరం 30 డిగ్రీల గదిలో సుమారు 0.8 తక్కువ చూపుతుంది. 14 ఉన్న సరుకు 13.2 అనిపించుకుని వెనక్కి రావచ్చు. కానీ సున్నా పెట్టిన నీటి చుక్క కూడా అదే గదిలో అదే వేడికి లోనైనదే. నీటిలో వచ్చిన మార్పు, రసంలో వచ్చిన మార్పు చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. లోపలే సవరణ చేసుకునే కొత్త పరికరాల మాట వేరు. నీరు వేడికి మారుతుందన్న ఆక్షేపణ ఇక్కడ తలకిందులైపోతుంది. పరీక్షించే సరుకుతో పాటే, దాదాపు అంతే మారడం దాని బలం. గుజ్జులోనూ పాల నాటకమే నడుస్తుంది. నీళ్లు కలిపి చక్కెర పోస్తే బ్రిక్స్ మళ్లీ 14. అందుకే కొనేవాడు ఆమ్లత్వం విడిగా అడుగుతాడు, చక్కెర దాన్ని పెంచలేదు కనక.

ఇప్పుడు ఎలక్ట్రానిక్ యంత్రాలు వచ్చాయి, నీళ్ల పాత్ర తీరిపోయిందనే వాదనా ఉంది. 1967లో ఆస్ట్రియాలోని ఆంటన్ పార్ సంస్థ తెచ్చిన సాంద్రత మీటరులో తేలే గొట్టం లేదు, కంపించే గాజు గొట్టం ఉంది. దాన్ని దేనితో సరిచూస్తారంటే ఒకసారి గాలితో, ఒకసారి నీటితో. నిర్వచనాల పుస్తకంలోంచి నీటిని తీసేసినా పనిబల్ల మీద నుంచి తీయలేకపోయారు. కలిపిన నీళ్లను పట్టుకోవడానికి చివరి ఆయుధం కూడా నీటితోనే చేసింది. సముద్రజలాల నుంచి సిద్ధం చేసిన ప్రమాణజలం ఒకటి 1968 నుంచి వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఆధ్వర్యంలో ఉంది. ఏ నీటిలోనైనా బరువైన ఆక్సిజన్ పాలు ఎంతో దానితో పోల్చి చెబుతారు. చెట్టు ఆకుల నుంచి నీరు ఆవిరయ్యేటప్పుడు తేలికది ముందు ఎగిరిపోతుంది, బరువైనది వెనక ఉండిపోతుంది. పండ్లలోని నీటిలోనూ ఆ జాడ నిలుస్తుంది, బోరు నీటిలో అది ఉండదు. పిండిన రసమా, చిక్కబెట్టిన దాంట్లో మళ్లీ నీళ్లు కలిపిందా అని పండ్ల రసాల ప్రయోగశాలలు ఈ తేడాతోనే తేలుస్తున్నాయి. చక్కెర పోసి బ్రిక్స్ సరిచేసినా ఈ అంకె మారదు.