డోర్నకల్ సంఘము: శిష్యత్వము, సముద్ధరణము

సింగరేణి బొగ్గు చరిత్ర చెప్పువారు 1871లో ఇల్లెందు ప్రాంతమున బొగ్గు జాడ కనుగొనిన డాక్టర్ కింగును, 1920లో ఏర్పడిన సింగరేణి కాలరీస్ కంపెనీని తప్పక స్మరింతురు. ఇల్లెందు బొగ్గు బండ్లు పెద్ద రైలు మార్గమును కలియు చోటు డోర్నకల్. అచ్చటనే మనుష్యులలో మరుగుపడిన శక్తిని వెలికి దీయు పని యొకటి సాగెను.

1903లో తిరునెల్వేలి క్రైస్తవులు విదేశ ధనము నాశింపక, తమ కానుకలతోనే భారతీయ మిషనరీ సంఘమును స్థాపించిరి. ఆ స్థాపకులలో ముఖ్యుడగు వేదనాయగం శామ్యూల్ అజరయ్య (1874–1945) 1909లో డోర్నకల్ చేరి, తెలుగు నేర్చి, పల్లెల వెంట తిరిగెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్పుగా అభిషిక్తుడయ్యెను. ఆంగ్లికన్ సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయు డాయనయే.

ఆయన బోధ నాలకించిన వారిలో అధికులు మాల మాదిగలు. ఊరి బావికిని, గుడి వాకిటికిని, బడి పలకకును దూరముగ నుంచబడిన వారు. అట్టివారికి జాలితో నిచ్చుట సులభము. అజరయ్య వారినే ఇచ్చువారిగ జేయ బూనెను. బాప్తిస్మము పొందిన ప్రతివాడును తలపై చేయి యుంచుకొని, తాను విన్న సువార్తను ఇతరులకు జెప్పుదునని మాట యీయవలెను. ఇల్లాలు వంట బియ్యమునుండి పిడికెడు తీసి సంఘమునకై దాచును. పల్లె పంతులు పిల్లలకు అక్షరములు నేర్పును. పుచ్చుకొనుటయే తన రాత యనుకొనినవాడు ఇచ్చుట నేర్చెను. వినుటయే యెరిగినవాడు చెప్పుటకు లేచెను. శిష్యత్వ మిదియే, సముద్ధరణమును ఇదియే.

కులముకంటె భక్తి మిన్న యను మాట తెలుగువారికి క్రొత్త గాదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున దానినే చాటెను. చాటుట వేరు, ఆచరణ వేరు. ప్రభువు బల్లయొద్ద కలిసి కూర్చున్నవారు పెండ్లి సంబంధముల కడ విడిపోవుట క్రైస్తవ సంఘములందును కద్దు. సామూహిక మతాంతరములను గూర్చి 1930వ దశకమున గాంధీ మహాత్మునకును అజరయ్యకును తీవ్ర భేదాభిప్రాయము కలిగెను. ఆ వాదము నేటికిని తీరలేదు.

స్వదేశ శిల్పరీతులు మేళవించి కట్టిన డోర్నకల్ దేవాలయము 1939 జనవరి 6న ప్రతిష్ఠితమయ్యెను. 1947లో దక్షిణ భారత సంఘము ఏర్పడెను. పిమ్మట ఉత్తరమున, గోదావరి యొడ్డున క్రొత్త గనులు వెలసెను. 1978లో కరీంనగరు అధ్యక్ష మండలము నెలకొనెను. రామగుండము, గోదావరిఖని గనులకు నానా తావులనుండి వచ్చినవారు పుట్టిన ఊరును, చుట్టపక్కములను విడిచినవారే. అట్టివానికి తోడు నిలిచి, వానిని మరియొకనికి తోడుగ నిలుపుటయే సంఘము పని.

సంఘపు గొప్పతనమునకు గోపురపు టెత్తు కొలత గాదు. అక్షరము నేర్చినవాడు మరియొకనికి నేర్పెనా, ఆదుకొనబడినవాడు మరియొకని నాదుకొనెనా యనునదే కొలత. గ్రంథాలయమునకును ఆ కొలతయే వర్తించును.