టెస్ట్ బల్బు కాలం నుంచి మల్టీమీటర్ దాకా

మొన్న మోత్కూర్ల వైండింగ్ షాపు ముంగట కూసున్న. ఒకాయన బోర్ల నుంచి పైపులు గుంజిచ్చి, కూలి కట్టి, ఆటోల మోటర్ ఏస్కొచ్చిండు. మేస్త్రీ మీటర్ పెట్టి చూసి, "మోటర్ మంచిగనే ఉంది, నీ స్టార్టర్ల చూస్కో" అన్నడు. ఆయన మొఖం చూసినంక ఈ ముచ్చట రాయాలనిపించింది.

మీటర్ మీద గుర్రపు లాడం లెక్క ఒక గుర్తు ఉంటది, అదే ఓమ్. జర్మనీల తాళాలు చేసే ఆయన కొడుకు జార్జ్ ఓమ్, బడిపంతులు. వైరు కరెంటును ఎంత అడ్డుకుంటదో లెక్కగట్టి 1827ల పుస్తకం రాసిండు. అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలే. 1881ల పారిస్ సభల ఆ కొలతకు ఆయన పేరే ఖాయం చేసిండ్రు. ఇంగ్లండుల పోస్టాఫీసు ఇంజనీరు మెకాడీకి తీరొక్క మీటర్ మోసుడు ఇసుగొచ్చి, ఆంప్స్, వోల్ట్స్, ఓమ్స్ మూడూ ఒక్క డబ్బాల పెట్టిచ్చిండు. 1923ల వచ్చిన ఆ ఏవో మీటరే ఇయ్యాల్టి మల్టీమీటర్‌కు తాత.

మనకాడ మాత్రం చానా ఏండ్లు టెస్ట్ బల్బే దిక్కు. ఎలిగితే కరెంటున్నట్టు, అంతే. 2004ల ఉచిత కరెంటు వచ్చింది గానీ ఏడు గంటలే, అదీ రెండు విడతల. రాత్రి లేచి బాయికాడికి పోలేక అందరం ఆటో స్టార్టర్లు పెట్టినం. అసలు గండం అక్కడుంది. కరెంటు లేదు గదా అని డబ్బా ఇప్పితే, చెయ్యి లోపలున్నప్పుడే కరెంటొచ్చి మోటర్ దానంతటదే ఎత్తుకుంటది. 2018 జనవరి 1 నుంచి 24 గంటలు ఇచ్చినప్పుడు ఆటోలు తీసెయ్యమని సర్కారు చెప్పింది. తీయనోళ్లు ఇంకా ఉన్నరు.

అందుకే ఓమ్ చూసేముందు ఫ్యూజులు పీకి జేబుల ఏస్కోవాలె. మీటర్‌ను ఏసీ 750 మీద పెట్టి మూడు ఫేజులూ సచ్చినయా చూడాలె. కరెంటున్న వైరు మీద ఓమ్ పెడితే మీటర్ పేలొచ్చు. తర్వాత మోటర్ వైర్లు మూడూ స్టార్టర్ నుంచి ఊడదీయాలె, లేకుంటే లెక్క తప్పుతది. 200 ఓమ్ మీద పెట్టి, ముందు రెండు పుల్లలు ఒకదానికొకటి తాకిచ్చి ఎంతొస్తదో చూసి, అది తీసెయ్యాలె. ఇగ రెండేసి వైర్ల మీద మూడుసార్లు కొలవాలె. మూడూ దాదాపు ఒక్కతీరు ఉంటే వైండింగ్ తెగలేదన్నట్టు. ఎడమ దిక్కు ఒక్క 1 నిలిస్తే, లేకుంటే ఓ.ఎల్. వస్తే తెగినట్టు. ఒక జత మిగతావాటికన్నా బాగా తక్కువైతే లోపల షార్టయినట్టు.

ఒక్క ఎలితి ఉంది. వైరుకు, పైపుకు మధ్య మీటర్ ఏం చూపకున్నా లీకేజీ లేదనుకోవద్దు. దాని బ్యాటరీ వోల్టులు కొన్నే. దానికి 500 వోల్టులు పంపే మెగ్గర్ కావాలె. ఇంగ్లండుల చెయ్యితో తిప్పే మెగ్గర్లు వందేండ్ల కిందనే వచ్చినయి. మన షాపుల్ల ఇప్పటికీ ఒకటి మూలకు ఉంటది, అడిగితే తిప్పి చూపిస్తరు.