చిన్నమ్మ రక్తం ఎందుకు తగ్గింది? వజ్రకరూరు నుంచి మూలుగ కథ

ఈసారి వీడియో మా ఊరు వజ్రకరూరు నుంచే. తొలకరి పడితే చాలు, మా చేలల్లో వజ్రాలు వెతికే జనాన్ని రీల్స్‌లో చూసే ఉంటారు. నేలంతా ఒకేలా కనిపిస్తుంది. కానీ వజ్రాలను భూమి లోపలినుంచి పైకి తెచ్చిన కింబర్లైట్ రాయి కొన్నిచోట్లే ఉంది. ఎముకల్లో మూలుగ సంగతీ అంతే.

మా చిన్నమ్మకు గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్. బెంగుళూరులో రేడియేషన్, వారానికోసారి సిస్‌ప్లాటిన్ ఇచ్చారు. నాలుగో వారం తెల్లకణాలు పడిపోయి కీమో ఆపేశారు. "కరెంటు పెడుతున్నది గడ్డకు కదరా, రక్తం యాల తగ్గుతుంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. తర్వాత చదివా.

1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రే కనిపెట్టాడు. పదేళ్లు తిరగకముందే జర్మనీలో హైనెకె అనే డాక్టరు, ఈ కిరణాలు జంతువుల మూలుగను దెబ్బతీస్తాయని చూపించాడు. పెద్దవాళ్లలో రక్తం తయారుచేసే ఎర్ర మూలుగలో సగానికి దగ్గరగా ఉండేది కటి ఎముకల్లో, నడుము పూసల్లో. గర్భసంచి చుట్టూ ఉన్నవి ఆ ఎముకలే! పాత పద్ధతిలో ఎక్స్‌రే ఫిల్మ్‌లో ఎముకలు చూసుకుని, నాలుగు వైపుల నుంచి పెట్టెలాగా కిరణాలు వేసేవాళ్లు. మూలుగ మధ్యలో నలిగేది. 1999లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ, రేడియేషన్‌తోపాటే సిస్‌ప్లాటిన్ ఇవ్వాలని డాక్టర్లకు చెప్పింది. ప్రాణాలు నిలిచాయి, నిజమే. మూలుగకు మాత్రం రెండో దెబ్బ.

1971లో మొదటి రోగిని సీటీ స్కాన్ తీశారు. తర్వాత ఐఎంఆర్‌టీ వచ్చింది, కిరణాలను గడ్డ ఆకారానికి మలచడం కుదిరింది. అయితే సీటీలో ఎముక కనిపిస్తుంది గానీ, అందులో పనిచేసే మూలుగ ఎక్కడుందో, కొవ్వు పట్టింది ఎక్కడో తెలియదు. పెట్ స్కాన్‌లో చక్కెర తినే కణాలు వెలుగుతాయి. ఆ వెలిగిన చోటుని తప్పించి ప్లాన్ వేయొచ్చు. కొవ్వు మూలుగను ఎమ్ఆర్ఐ కూడా చూపిస్తుంది.

2017లో 83 మంది రోగుల మీద ఒక అధ్యయనం వచ్చింది. మామూలు ఐఎంఆర్‌టీలో నూటికి 27 మందికి తెల్లకణాలు తీవ్రంగా పడిపోతే, పెట్ చూసి మూలుగను తప్పించినవాళ్లలో 9 మందికే. వాళ్లు చూసింది చికిత్స ఇబ్బందుల్ని, ఆయుష్షును కాదు; అది గుర్తుపెట్టుకోండి.

పెట్ అంటే ఖర్చు. అది లేనిచోట సీటీలోనే కటి ఎముక మొత్తానికి గీత గీసి, వీలైనంత తప్పిస్తారు. చిన్నమ్మకు ఏం చేశారో నేను అప్పుడు అడగలేదు. అడగొచ్చని కూడా తెలీదు.